నలుపులో రాగి

"తాళం వేసేశాను. ఇంక ఆ గది సంగతి ఎవరూ ఎత్తకండి."

తాళంచెవి చొక్కా జేబులో పడేసుకుని, అదెక్కడ ఎగిరిపోతుందోనన్నట్టు పైనుంచి రెండుసార్లు తట్టి చూసుకున్నాడు కొడుకు. ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ళలో ప్రింటు గదికి పట్టపగలు తాళం పడటం కోడలు ఎన్నడూ చూడలేదు.

వరండా గోడ పొడవునా ముప్పై ఆరు ఫొటోలు వరసగా ఆనించి ఉన్నాయి. పొద్దుటి ఎండ వాటి మీద ఏటవాలుగా పడుతోంది. గొడవంతా తెచ్చిపెట్టింది ఆ ఎండే. గదిలో ట్యూబ్‌లైటు కింద నల్లగా నిగనిగలాడిన జుట్లన్నీ, ఇక్కడ పక్కనుంచి వెలుగు పడేసరికి తోమిన రాగి చెంబుల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. ఎదురుగా నిలబడితే ఏమీ లేదు. ఒక అడుగు పక్కకి జరిగితే చాలు, నలుపున్న ప్రతిచోటా రాగి.

"ముప్పై ఆరు మందీ కూడబలుక్కుని ఒకే చోట తలకి రంగేయించుకున్నట్టున్నారు," అంది అత్తగారు, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అమ్మా, నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వక ఏడవమంటావా? మొదటి ఫొటో నీదే. ముందు నీ తల చూసుకో."

కొడుకు చూసుకోలేదు. "రేపు నాలుగింటికి ఇవి ఆస్పత్రి హాల్లో గోడకి ఉండాలి. ఆ హాలుకి పడమటి వైపంతా కిటికీలు. సరిగ్గా సిస్టరమ్మ వచ్చి నిలబడే వేళకి ఎండ వీటి మీదే పడుతుంది. ఊరంతా చూస్తుంది. ఏం సమాధానం చెప్పను?"

సిస్టరమ్మ అంటే ఆ ఊళ్ళో ఒక్కరే. ముప్పై ఆరేళ్ళు ప్రసూతి వార్డులో పనిచేసి రేపు రిటైరవుతోంది. ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళలో ఏడాదికి ఒకరి చొప్పున ముప్పై ఆరు మందికి ఫొటోలు తీసి ఆమెకి కానుకగా ఇవ్వాలని అనుకున్నారంతా. తీసింది కొడుకు. ప్రింటు వేసింది కోడలు. యంత్రంలోకి ఇంకు నింపింది మామగారు.

ఆ మామగారు వరండా చివర కుర్చీలో కూర్చుని, తువ్వాలు కొసతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. తుడిచి పెట్టుకుంటాడు, మళ్ళీ తీస్తాడు, మళ్ళీ తుడుస్తాడు. ఆయన్ని అందరూ నలుపు మాస్టారు అంటారు. ఒంటి రంగుని బట్టి వచ్చిన పేరు కాదది. చీకటి గదిలో మందునీళ్ళలో ఫొటోలు కడిగే రోజుల్నించీ, ఆయన చేతిలో పడ్డ నలుపుకి ఒక లోతు ఉండేది. ఇలాంటి నలుపు ఇంకెక్కడా రాదని పొరుగూళ్ళ నించి వచ్చేవాళ్ళు.

"నాన్నా, ఒక్కటే అడుగుతాను. ప్రింటరులో మెరుపు మందు నింపింది మీరేనా?"

"నేనే."

"చూసే నింపారా?"

"నింపాననే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నారు!" కొడుకు చేతులు గాల్లోకి లేచి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కిందికి దిగాయి. "మొన్న కెమెరా స్టాండు మరిచిపోయి పెళ్ళికి వెళ్ళారు. అంతకు ముందు మెమరీ కార్డు ఎక్కడ పెట్టారో మీకే తెలీదు. ఇవాళ ఇది. నేను వెళ్ళి పెన్‌డ్రైవు, అట్టపెట్టె తెచ్చుకుంటాను. ఒంటిగంట బస్సుకి పై ఊరు పోయి అక్కడి ల్యాబులో వేయించుకొస్తాను. మీరు మాత్రం ఇంక ఆ గదిలోకి రావద్దు నాన్నా. ఇవాళా కాదు, రేపూ కాదు. ఇంక రావద్దు."

"ఏమిట్రా ఆ మాట!" అంది అత్తగారు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

మామగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు.

ఆ ఒక్క మాటా అని ఊరుకోకపోతే బావుండుననిపించింది కోడలికి. గట్టిగా కేకలేసినా బావుండు. 'నేను కట్టిన గదిరా ఇది' అన్నా బావుండు. ఆయన అలా నిమ్మళంగా సరే అనేసరికి కొడుక్కి కూడా ఏం చెయ్యాలో పాలుపోలేదు. చెప్పులు వేసుకుని, ఎడమది కుడికాలికి తొడుక్కుని, మళ్ళీ మార్చుకుని గేటు దాటాడు.

*

కోడలు వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. ఏం చెయ్యడానికి వచ్చిందో గుర్తు రాలేదు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి ఫొటో అంటే నవ్వుతూ నిలబడటం మాత్రమే తెలుసు. మొదటి నెల్లో ఒకరోజు మామగారు ఒక ముసలామె బొమ్మ ఆమె ముందు పెట్టి, "ఇందులో నీకేం కనిపిస్తోందో చెప్పు," అన్నాడు.

"ముసలావిడ, నల్ల శాలువా."

"శాలువాలో?"

"ఏముంది మామయ్యా, నలుపే."

"మళ్ళీ చూడు."

అలా ఒక వారం. ఎనిమిదో రోజున ఆ నలుపులో ఆమెకి దారాలు కనిపించాయి, ఒక మాసిక కనిపించింది, ఆ మాసిక వేసింది ఎడమచేతివాటం మనిషని కూడా కనిపించింది. ఆ రోజు మామగారు పొంగిపోయి వీధిలోకి వెళ్ళి నలుగురితో చెప్పొచ్చాడు. పుట్టింట్లో ఎవరూ ఆమెని 'నీకేం కనిపిస్తోంది' అని అడిగిన పాపాన పోలేదు. 'నీకేం తెలుసు' అనేవాళ్ళే అంతా. ఈ ఇంటికొచ్చాకే తనకి రెండు కళ్ళున్నాయని ఆమెకి తెలిసింది. దానికి ఎన్ని జన్మల రుణం అనుకోవాలో ఆమెకి తెలీదు.

అలాంటి మనిషిని 'రావద్దు' అన్నాడు తన మొగుడు. తను పక్కనే నిలబడి నోరు మెదపలేదు.

"పొయ్యి వెలిగించకుండా గిన్నె ఎక్కిస్తే నీళ్ళు నీ ముఖం చూసి కాగుతాయా?" వెనకనించి అత్తగారు.

"అత్తయ్యా, మందు నింపడంలో మామయ్య పొరపాటు చెయ్యరు. నాకు తెలుసు."

"నాకు మాత్రం తెలీదా? ఉప్పుడబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో కళ్ళు మూసుకుని చెప్తాడు మీ మామయ్య." అత్తగారు చెంచాల డబ్బా బోర్లించింది. గలగలమని చెంచాలు, మధ్యలోంచి ఒక తాళంచెవి. "నీ మొగుడు జేబు తట్టుకుంటూ పోయాడు చూడు, నవ్వాపుకోలేక చచ్చాను. ఇరవై ఏళ్ళ నించీ రెండోది ఇక్కడే ఉంది."

కోడలు తాళంచెవి అందుకుంది. చెయ్యి వదల్లేదు అత్తగారు.

"వాడు పుట్టినప్పుడు సిస్టరమ్మకి ఇరవై రెండేళ్ళు. నాకంటే తన చేతులే ఎక్కువ వణికాయి. 'అమ్మా, నాకిదే మొదటి కాన్పు' అంది. 'నాకూ ఇదే మొదటిదమ్మా, ఇద్దరం కలిసి నేర్చుకుందాం' అన్నాను." అత్తగారు కళ్ళొత్తుకుంది. "ఆ పిల్లకి మీ మామయ్య చేతి నలుపే వెళ్ళాలి. ఎవడో ముక్కూ ముఖం తెలియని ల్యాబువాడిది కాదు. పో."

కోడలికి మాత్రం సిస్టరమ్మని తలుచుకుంటే ఒక కుర్చీ గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట, తన కూతురు పుట్టే రోజున, డ్యూటీ అయిపోయినా ఆవిడ ఇంటికి వెళ్ళకుండా కుర్చీ లాక్కుని తన చెయ్యి పట్టుకుని కూర్చుంది. పది గంటలు. మంచినీళ్ళు కూడా ఎడం చేత్తోనే తాగింది, కుడిచెయ్యి వదలాల్సి వస్తుందని.

*

తలుపు తెరిచింది. మామగారు వెనకాలే వచ్చాడు. వచ్చి, గడప ముందు ఆగిపోయాడు.

"రండి మామయ్యా."

"రావద్దన్నాడుగా. సరేనన్నానుగా. స్టూలు ఇలా వెయ్యి."

గడపకి ఇవతల స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాలి బొటనవేలు కూడా లోపల పెట్టలేదు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

గదిలో పెద్ద టేబులు మీద ప్రింటరు. దాని ఇంకు డబ్బాలు కంపెనీ తయారుచెయ్యడం మానేసి మూడేళ్ళయింది. 'మంచి యంత్రాన్ని డబ్బాలు లేవని పాతసామానులో వేస్తామా' అని, మామగారే సీసాల్లో అమ్మే పిగ్మెంటు ఇంకులు తెప్పించి, సూదితో నింపడం మొదలుపెట్టాడు. ఈ రంగులు కాగితంలోకి ఇంకిపోవు. సన్నటి పొడిలా పైనే కూర్చుంటాయి. ఏళ్ళ తరబడి వెలిసిపోవు, అది వాటి మంచి గుణం. పక్కనుంచి వెలుగు పడితే నలుపులు ఎర్రగా మెరుస్తాయి, అది చెడ్డ గుణం. దాన్ని బ్రాంజింగ్ అంటారు. అత్తగారు 'రాగి రోగం' అంటుంది. ఆ రోగం రాకుండా అన్ని రంగుల పైనా పల్చటి పొరలా పరుచుకునేదే మెరుపు మందు. చూడటానికి అచ్చం నీళ్ళలా ఉంటుంది. యంత్రంలో దానికో డబ్బా ఉంది.

"మెరుపు మందు సీసా, కడిగే మందు సీసా, రెండూ తీసుకురా," అన్నాడు మామగారు. "ఒక గాజుపలక కూడా."

కడిగే మందు యంత్రం గొట్టాలు శుభ్రం చెయ్యడానికి వాడతారు. అదీ నీళ్ళలాగే ఉంటుంది. సీసాలు రెండూ ఒకటే రకం, చేతుల తడికి కాగితం చీటీలు ఎప్పుడో ఊడిపోయాయి.

"చెరో చుక్క పలక మీద వెయ్యి. ఏ సీసాది ఎటువైపో గుర్తుపెట్టుకో. ఎండలో పెట్టు. మెరుపు మందయితే ఎండి పొరలా మిగులుతుంది, గోటితో గీకితే లేస్తుంది. కడిగే మందు ఆవిరైపోతుంది. మిగిలేదేం ఉండదు."

పలక కిటికీలో పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. ఆయన గడప బయట, ఆమె గడప లోపల. అత్తగారు వచ్చి చూసి, "రైలు కోసం కూర్చున్నట్టున్నారు," అని టీ ఇచ్చి పోయింది.

పావుగంటకి ఎడమవైపు చుక్క మాయమైంది. కుడివైపుది పల్చటి పొరగా మిగిలింది. కోడలు గోరు పెడితే ఉల్లిపొరలా లేచొచ్చింది.

"మరి యంత్రంలో ఉన్నదో?"

డబ్బా బయటికి తీసి దాన్లోంచి ఒక చుక్క పలక మీద వేసింది. మళ్ళీ పావుగంట. మూడో చుక్క కూడా ఆవిరైపోయింది. గాజు మీద మచ్చయినా మిగల్లేదు.

"కడిగే మందే నింపాను," అన్నాడు మామగారు మెల్లగా. "వాడన్నది నిజమే."

"అలా ఎలా జరుగుతుంది మామయ్యా?"

ఆయన రెండు సీసాలూ చేతుల్లోకి తీసుకున్నాడు. బొటనవేళ్ళు రెండు సీసాల మెడల చుట్టూ ఒక్కసారి తిరిగాయి. చీకటి గదిలో వెతుక్కోవాల్సిన పని లేకుండా సీసాలు గుర్తుపట్టడానికి ఆయన వాటి మెడలకి రబ్బరుబ్యాండ్లు వేసేవాడు. ఫలానాదానికి ఒకటి, ఫలానాదానికి రెండు. దీపాలున్న గదిలో పని మొదలైనా ఆ అలవాటు మానలేదు. మెరుపు మందుకి ఒకటి. కడిగే మందుకి రెండు.

"రెంటికీ ఒక్కొక్కటే ఉందేమిటమ్మా?"

కోడలికి చప్పున గుర్తొచ్చింది.

పోయిన సోమవారం. వీధిలో బడి వ్యాను హారను మీద హారను. కూతురికి ఒక జడ అయింది, రెండో జడకి బ్యాండు లేదు. తను ఈ గదిలోకి పరుగెత్తుకొచ్చి, చేతికందిన సీసా మెడలోంచి ఒక నీలం బ్యాండు లాగి పట్టుకుపోయింది. సాయంత్రం తిరిగి పెడదామనుకుంది. పెట్టలేదు. మంగళవారం మామగారు మందు నింపాడు.

ఆమె నోరు తెరిచింది.

మామగారు ఆమె వైపు తల తిప్పాడు. ఏదో విన్నవాడిలా ఒక్క క్షణం ఆగాడు. "పాతబడిపోయాయి వెధవ బ్యాండ్లు. తెగి ఎక్కడో పడుంటుంది," అన్నాడు. "లే, లే. డబ్బా వేణ్ణీళ్ళతో కడుగు. పని చూడు."

ఆమె లేచింది. పని చూసింది. ఒప్పుకోవలసిన మాటని గొంతులోనే పెట్టుకుని, డబ్బా కడిగి, ఆరబెట్టి, అసలైన మెరుపు మందు నింపింది. గొట్టాల్లో మిగిలిన కడిగే మందంతా పోయేదాకా యంత్రాన్ని మూడుసార్లు శుభ్రం చేయించింది.

"మామయ్యా, మందపాటి కాగితాలు నాలుగే ఉన్నాయి. ముప్పై ఆరూ మళ్ళీ ఎలా వేస్తాం?"

"మళ్ళీ ఎందుకు? రంగు బాగానే పడింది. లేనిది పైపొర. ఆ ఫొటోనే మళ్ళీ యంత్రంలో పెట్టు. కంప్యూటర్లో ఖాళీ తెల్లపేజీ వెయ్యమను, మెరుపు మందు మాత్రం పేజీ మొత్తానికీ పరవమను. తెల్లపేజీకి రంగేం పడుతుంది? పొర ఒక్కటే పడుతుంది."

కోడలు ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. గది బయట కూర్చుని, లోపలికి ఒక్క అడుగు వెయ్యకుండా, ముప్పై ఆరు ఫొటోల్నీ ఒక్క మాటతో బతికించాడు.

"ముందు ఎవరిది పెట్టను?"

"నీ మొగుడిది పెట్టు," వంటింట్లోంచి అరిచింది అత్తగారు. "పాడైతే వాడిదే పోతుంది."

కాగితం ఒకవైపు నించి లోపలికెళ్ళి, ఊరేగింపులా నిదానంగా రెండోవైపు వచ్చింది. పది నిమిషాలు ఆరనిచ్చి, వరండాలోకి తీసుకెళ్ళి ఎండకి ఏటవాలుగా పట్టుకుంది. పక్కకి వాల్చింది. ఇంకా వాల్చింది. కొడుకు జుట్టు నల్లగానే ఉంది. పాపిట దగ్గర ఒక్కో వెంట్రుకా విడిగా, నల్లగా, చల్లగా.

"అత్తయ్యా! పోయింది! రాగి పోయింది!"

అత్తగారు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "అమ్మయ్య," అంది. మొగుడి వైపు తిరిగి, "మీకు దండం పెడతానండీ, చేతులు పిండయ్యాయి గానీ," అంది.

మామగారు గడప బయటే కూర్చుని నవ్వాడు.

*

కొడుకు పన్నెండున్నరకి అట్టపెట్టె, టేపు పట్టుకుని వచ్చేసరికి తలుపు తీసి ఉంది, యంత్రం తిరుగుతోంది, రెండు ఫొటోలు తయారై ఉన్నాయి. జేబు తట్టుకున్నాడు. తాళంచెవి ఉంది. తల్లి వైపు చూశాడు. తల్లి కప్పు వైపు చూసింది.

తన ఫొటో తీసుకుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"ఎలా చేశావు?" అన్నాడు పెళ్ళాంతో.

"నేను కాదు. మామయ్య చెప్పారు, నేను చేశాను."

కొడుకు గొంతు సర్దుకున్నాడు. "సరే, బాగు చేశారు. సంతోషం. బస్సు ప్రయాణం తప్పింది. కానీ ఇవాళంటే దొరికింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇలా కాకూడదు. ఆ మాట మాత్రం మారదు. నాన్న బయట కూర్చుని చెప్తే చాలు."

మామగారు స్టూలు మీద కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. అంతే.

ఆయన అలా సర్దుకోవడం చూశాక కోడలు ఇంక ఆగలేకపోయింది. గబగబా పడగ్గదిలోకి వెళ్ళింది. అద్దం దగ్గర దువ్వెనకి చుట్టి ఉంది నీలం రబ్బరుబ్యాండు, కూతురి వెంట్రుక ఒకటి దానికి చిక్కుకుని. దువ్వెనతో సహా పట్టుకొచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఇదేమిటి?"

"మామయ్య పొరపాటు ఇది. చూడండి." ఆమె కాళ్ళు వణుకుతున్నాయి. "కడిగే మందు సీసాకి రెండు బ్యాండ్లుండాలి. ఒకటి నేను లాగేశాను, పాప జడకి. మళ్ళీ పెట్టలేదు. ఆయన చేతికి ఒకటే తగిలింది, ఒకటుంటే మెరుపు మందే కదా, నింపారు. ఆయన లెక్క తప్పలేదండీ, నేనే తప్పించాను. పొద్దున్న మీరు ఆయన్ని అంటుంటే నాకింకా తెలీదు. కానీ రెండు గంటల నించీ తెలుసు. తెలిసీ చెప్పలేదు."

యంత్రం మూడో ఫొటో బయటికి తోసి ఆగిపోయింది.

"నాన్నా, మీకు తెలుసా?"

"సీసా పట్టుకోగానే తెలిసింది. సోమవారం పొద్దున్న నేను గదిలోనే ఉన్నానురా. టప్‌మని చప్పుడు విన్నాను."

"మరి చెప్పరేం?"

"ఏం చెప్పను? నన్నెలాగూ రావద్దన్నావు. తనని కూడా రావద్దంటే గదిలో పనెవరు చేస్తారు, మీ అమ్మా?"

అత్తగారు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పైటతో ముఖం కప్పుకుంది. కోడలు వంగి మామగారి పాదాల దగ్గర కూర్చుండిపోయింది. "మామయ్యా," అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

కొడుకు జేబులోంచి తాళంచెవి తీశాడు. తండ్రి చేతిలో పెట్టాడు. ముఖం వంక చూడలేదు. "లోపలికి రండి నాన్నా. స్టూలు నేను తెస్తాను," అన్నాడు. "పొద్దున్న నేనన్నది..."

"ఏమన్నావు? నాకు గుర్తులేదు. మతిమరుపు కదా," అన్నాడు మామగారు, గడప దాటుతూ.

*

సిగ్గుపడ్డ మగవాళ్ళకి చేతుల్లో ఏదో ఒక పని ఉండాలి. కొడుకు గది మూల గోడ వైపు తిరిగి కూర్చుని, అట్టపెట్టె అడుగుకి టేపు వెయ్యసాగాడు.

"మీరొక్కసారి చూసి సరేనంటే, మిగతావి అలాగే చేసేస్తుంది నాన్నా. మీ మాటే ఖాయం."

టేబులు మీద ఎడమవైపు పొర వేసిన మూడు ఫొటోలు, కుడివైపు వెయ్యని ముప్పై మూడు. మామగారు కుడివైపు దొంతరలో పైనున్నది తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మనవరాలి ఫొటో. రెండు జడలు ముందుకేసుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఎలా పట్టుకోవాలో కోడలికి నేర్పిన పద్ధతిలోనే, వెలుగుకి ఏటవాలుగా, నిదానంగా వాల్చాడు.

రెండు జడలూ మొదలు నించి కొస దాకా రాగిలా భగ్గుమన్నాయి.

'అది కాదు మామయ్యా, అది ఇంకా వెయ్యనిది' అనబోయింది కోడలు.

"భేషుగ్గా ఉందమ్మా," అన్నాడు ఆయన. "ఎర్రదనం లవలేశం లేదు. పాయలు విడివిడిగా ఎంత బాగా కనిపిస్తున్నాయో."

కోడలు ఆయన కళ్ళలోకి చూసింది. పొద్దున్న అందరూ రాగి, రాగి అని అరుస్తుంటే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చోవడం గుర్తొచ్చింది. దీపాలున్న గదిలో కూడా బ్యాండ్లు తీయని అలవాటు గుర్తొచ్చింది.

మామగారి బొటనవేలు ఫొటో అంచు మీదికి పాకింది. అక్కడ ఆగింది. వెనక్కీ ముందుకీ రెండుసార్లు రాసింది. పొర నున్నదనం వేలికి తగల్లేదు.

"ఇది వేసింది కాదు కదూ?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా.

"కాదు మామయ్యా."

ఆయన మెల్లగా తలాడించాడు. ఆమె చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. ఆ ఫొటో తీసి పొర వేసినది చేతిలో పెట్టడం రెప్పపాటు పని. పొద్దున్న ఆయన తన తప్పు కప్పిపెట్టాడు. ఇప్పుడు తను ఈపాటి చెయ్యలేదా? ఆయన కోసం ఇంతకు పదింతలు చేస్తుంది.

"ఏమంటారు నాన్నా?" గోడ వైపు నించి కొడుకు.

మామగారు ఫొటో వదల్లేదు. "ఇందాక చెప్పేటప్పుడు కాళ్ళు వణికాయా అమ్మా?"

"చాలా వణికాయి మామయ్యా."

"చెప్పాక?"

ఆమె కళ్ళు నిండిపోయాయి. "తగ్గింది."

ఆయన తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ఆ చేతిని ఒక్క క్షణం తన చేతిలో ఉంచుకున్నాడు. "మంచిది," అన్నాడు. "ఇవాళ నువ్వు నాకు నేర్పావు."

తరవాత గొంతు పెంచాడు. "ఒరేయ్, ఆ టేపు అక్కడ పడేసి ఇలా రా."

కొడుకు వచ్చాడు, చేతికంటుకున్న టేపు ముక్క దులుపుకుంటూ. మామగారు ఫొటో అతని చేతుల్లో పెట్టి, అతన్ని భుజాలు పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు.

"ఇందులో నీకేం కనిపిస్తోందో చెప్పు," అన్నాడు. "ఆ తరవాత, నాకేం కనిపిస్తోందో నేను చెప్తాను."